ఏడో ఆకు

ఆమెను ఆఫీసులో అందరూ ఆకుల పిన్ని అనేవారు. ఆకులు అమ్మేది కాదు, కుట్టేది. రేవు ఆఫీసులోని పెద్దమనుషుల కోటు కాలర్ల మీద బంగారు జరీతో ఆకులు కుట్టడం ఆమె ఉద్యోగం. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా సామాన్ల గదిలో, కిటికీ పక్కన, మూడు కాళ్ళ స్టూలు మీద కూర్చుని అదే పని. ఆమెకు ముందు ఆ స్టూలు మీద ఆమె అత్తగారు కూర్చుంది. అత్తగారు పోయేముందు ఇల్లు కొడుకులకు పంచింది గానీ స్టూలు మాత్రం కోడలికే ఇచ్చింది. కొడుకులు కూడా అడగలేదు లెండి.

ఆ ఆఫీసులో మనిషి విలువ ఆకుల్లో తేలేది. గుమాస్తాకి కాలర్ మీద అటొకటి, ఇటొకటి. వాడి మీదవాడికి రెండేసి. అలా పెరుగుతూ పోయి చిన్నాఫీసరుకి అయిదేసి, అందరి నెత్తిన కూర్చునే పెద్దాఫీసరుకి ఆరేసి. పడవలు నడిపేవాళ్ళకీ, తాళ్ళు లాగేవాళ్ళకీ, వానలో తడుస్తూ గట్టు మీద కాపలా కాసేవాళ్ళకీ ఒక్క ఆకూ లేదు. ఎందుకయ్యా అంటే ఉప్పునీళ్ళు తగిలితే జరీ నల్లబడుతుందని జవాబు. అంటే నీళ్ళకు ఎంత దూరంగా ఉంటే అన్ని ఆకులన్నమాట. పెద్దాఫీసరు గారికి పడవెక్కితే వాంతులవుతాయని ఊరంతా తెలుసు.

ఈ కుట్టుపని ఎలా పుట్టిందనే విషయంలో అత్తగారికి సొంత సిద్ధాంతం ఒకటి ఉండేది. సూది దింపుతూ కోడలికి చెప్పేది.

"మొదట్లో చొక్కా చిరిగినవాడు చలికి ఓర్చుకోలేక చిరుగు మీద కుట్లు వేసుకున్నాడే. ఎలాగూ వేస్తున్నాం కదా అని వాడి పెళ్ళాం దాన్ని పువ్వులా కుట్టింది. అది చూసి చొక్కా చిరగనివాడు నాకెందుకు లేదు పువ్వు అన్నాడు. వాడికి నూలు పనికిరాలేదు, పట్టు కావాలన్నాడు. వాడి మీదవాడు జరీ కావాలన్నాడు. ఆ మీదవాడు నేను తప్ప ఇంకెవడూ జరీ వేసుకోకూడదని చట్టం చేశాడు. మొత్తానికి అందరి ఒంటిమీదా పువ్వులే. చిరుగు సంగతి మాత్రం ఎవడికీ గుర్తులేదు."

పుస్తకాల్లో ఏం రాసుందో మనకు తెలీదు. కానీ జీవితమంతా ఆఫీసర్ల మెడల చుట్టూ చేతులాడించిన మనిషి మాట కదా, తీసిపారేయడానికి మనసొప్పదు.

పని పద్ధతి ఇదీ. ఆకుల బొమ్మ గీసిన దళసరి కాగితం ఒకటి ఉంటుంది. గీతల వెంబడి సూదితో సన్నటి చిల్లులు పొడిచి ఉంటాయి. దాన్ని ముదురు నీలం గుడ్డ మీద పరిచి, పలచటి గుడ్డలో మూటకట్టిన సుద్దపొడితో అద్దితే చిల్లుల్లోంచి పొడి దిగి తెల్లటి చుక్కలు పడతాయి. ఆ చుక్కల మీద జరీ పరిచి, సన్నటి పట్టుదారంతో అణిచి కుట్టాలి. కుడివైపు అయ్యాక అదే కాగితం తిరగేస్తే ఎడమవైపు. చివరి ఆకు దాటాక కాలర్ కొసన వేలెడు జాగా ఖాళీగా వదిలేయాలి. "ఆ ఖాళీ కూడా మన పనే. కుట్టడం ఎవరికైనా వస్తుంది, ఎక్కడ ఆపాలో తెలియాలి," అనేది అత్తగారు.

ముప్ఫై ఏళ్ళపాటు ఆకుల పిన్నికి లెక్క ఒక్కసారీ తప్పలేదు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ చెప్పుకోలేదు గానీ లోపల బోలెడంత గర్వం ఉండేది. ఎవడి మెడ మీద ఎన్ని ఆకులున్నా, లెక్క తన చేతిలో ఉందని.

అలాంటి మనిషికి యాభై తొమ్మిదో ఏట కళ్ళు మసకబారడం మొదలైంది. మొదట కిటికీ అద్దం మురికిగా ఉందనుకుంది. శుభ్రంగా తుడిచింది. తర్వాత సుద్దపొడి నాసిరకం ఇస్తున్నారని స్టోరు గుమాస్తా మీద విసుక్కుంది. వీధిలో తమ పక్కింటావిడ అనుకుని తపాలా పెట్టెను పలకరించిన రోజున గానీ అసలు సంగతి ఒప్పుకోలేదు. ఒప్పుకున్నది తనలో తనే. ఇంకెవరికీ తెలియకూడదు. చూపు ఆనని మనిషిని సామాన్ల గదిలో ఉంచరు, మర్నాడే ఇంటికి పంపేస్తారు. ఆ స్టూలు లేకపోతే తనెవరు? పొద్దున లేచి ఎక్కడికి వెళ్ళాలి?

దీనికి తోడు ఏటా ఒక పరీక్ష. స్టోరు గుమాస్తా కాగితం పట్టుకుని ఎదురుగా నిలబడతాడు, ఆమె సూదిలో దారం ఎక్కించాలి. ఎక్కితే చూపు భేషుగ్గా ఉన్నట్టు. ఆ సంవత్సరం ఆకుల పిన్ని ఏం చేసిందంటే, దారాన్ని ఎడమ అరచేతిలో పరిచి, దానిమీద సూది బెజ్జాన్ని ఆనించి అటూ ఇటూ రుద్దింది. నాలుగుసార్లు రుద్దితే దారం దానంతటదే బెజ్జంలోంచి ఉంగరంలా పైకొస్తుంది. పాతకాలపు పనివాళ్ళ కిటుకు. పైగా దర్జాకి కళ్ళు మూసుకుని మరీ చేసింది.

గుమాస్తా ముక్కున వేలేసుకున్నాడు. "పిన్నీ, నీది చూపు కాదు, మహత్తు," అంటూ కాగితం మీద 'అత్యుత్తమం' అని రాసుకుపోయాడు. కళ్ళు పోయిన ఏడాదే ఆమెకు కళ్ళ విషయంలో మెప్పు దొరికింది.

ఇంతలో కొత్త జెట్టీ ప్రారంభోత్సవం వచ్చిపడింది. పెద్దాఫీసరు గారికి కొత్త కోటు. కుడివైపు కుట్టిన రోజు ఎండ ఫెళ్ళున కాసింది, ఆరాకులూ చక్కగా కుదిరాయి. ఎడమవైపుకి వచ్చేసరికి మబ్బు పట్టింది. సుద్ద చుక్కలు ఆమెకు కనిపించడం మానేశాయి. కుట్టిన ఆకుల్ని వేలితో తడుముకుంటూ, లెక్కపెట్టుకుంటూ కుట్టసాగింది. అదైనా సాగనిచ్చారా? చిన్నాఫీసరు అరగంటకోసారి వచ్చి "అయిందా?" అంటాడు. ఆఫీసరు వస్తే లేచి నిలబడాలని రూలు. లేస్తుంది, కూర్చుంటుంది, మళ్ళీ మొదటినుంచి తడుముకుంటుంది. మూడోసారి కూర్చున్నాక వేలికి కాలర్ కొసన ఖాళీ తగిలింది. ఇంకొకటి మిగిలిపోయిందనుకుని కుట్టేసింది.

ప్రారంభోత్సవానికి ఆకుల పిన్ని వెళ్ళలేదు, ఆమె మొగుడు వెళ్ళాడు. ఆయన ఒకప్పుడు లాంచీలో టికెట్లు చింపేవాడు. అందరూ లాంచీ బాబాయి అంటారు. ఎక్కిన తలలూ దిగిన తలలూ లెక్కపెట్టీ పెట్టీ ఆయనకదో జబ్బుగా మిగిలిపోయింది. మెట్లు లెక్కపెడతాడు, పావురాలు లెక్కపెడతాడు, భార్య తిట్టే తిట్లు కూడా లెక్కపెడతాడు. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే అడిగాడు.

"ఏమోయ్, మీ పెద్దాఫీసరుకి ఆకు పెంచారా?"

"ఏం ఆకండీ?"

"కుడివైపు ఆరు, ఎడమవైపు ఏడు. ఉపన్యాసం గంటన్నర సాగింది. ఇరవైసార్లు లెక్కపెట్టాను. ఇంకేం చేయను మరి."

ఆకుల పిన్ని చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. కుర్చీ కోసం తడుముకుని కూర్చుంది. ఆ తడుముకోవడం లాంచీ బాబాయి కంట్లో పడింది. దగ్గరికొచ్చి ఆమె మొహం ముందు చెయ్యి పెట్టాడు.

"ఇవెన్ని వేళ్ళు?"

"చేతికి అయిదే కదండీ."

"నేను చూపించింది రెండు," అన్నాడాయన.

మర్నాడు ఆమె ఆఫీసుకి వెళ్ళింది గానీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్ళింది. తప్పయిపోయింది, క్షమించండి, స్టూలు మాత్రం తీసేయకండి అని దారి పొడవునా అప్పచెప్పుకుంటూనే ఉంది. అనుకున్నట్టే తలుపు దగ్గర చిన్నాఫీసరు నిలబడి ఉన్నాడు. లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"అమ్మా," అన్నాడు ఎన్నడూ లేని మర్యాదగా, "నా కోటు గుండీ ఒకటి వదులైంది. కాస్త చూస్తారా?"

"తప్పకుండా బాబూ."

"పనిలో పనిగా ఈ కాలర్ కూడా చూడండి. ఎడమవైపు... మీకేమైనా వెలితిగా అనిపించడం లేదూ?"

అప్పటికి గానీ ఆమెకు అర్థం కాలేదు. పెద్దాఫీసరు తన కాలర్ తను చూసుకోలేదు. ఆయన మెడ వంగేది కాదు. చూసింది చిన్నాఫీసరు. గంటన్నర ఉపన్యాసంలో ఒక్క ముక్కా వినకుండా ఆ ఏడో ఆకునే చూస్తూ కూర్చుని, పై నుంచి రహస్యంగా ఏదో గౌరవం దక్కిందనీ, ఆ గౌరవం మెట్టు మెట్టుగా కిందికి దిగి తన దాకా వచ్చేలోపు తనే ఎదురెళ్ళి తెచ్చుకుంటే మంచిదనీ నిర్ణయించుకున్నాడు.

ఆమె కాదనలేకపోయింది. కాదంటే ఎందుకని అడుగుతాడు. చిన్నాఫీసరు ఎడమవైపుకి ఆరో ఆకు మొలిచింది.

ఇంకేముంది, ఆ వారంలో ఆఫీసు మొత్తానికి గుండీలు వదులైపోయాయి. ఒకడు దగ్గుతూ వచ్చాడు, ఒకడు దారి తప్పినట్టు వచ్చాడు, ఒకడు ఆమె ఆరోగ్యం కనుక్కోవడానికి వచ్చాడు. అందరికీ ఎడమవైపు వెలితే. స్టోరు గుమాస్తా కూడా నీళ్ళు నములుతూ నిలబడి, "అందరికీ చేస్తున్నావు కదా పిన్నీ, నేనేం పాపం చేశాను?" అన్నాడు. ఆమె కనిపించని కళ్ళతోనే అందరికీ తలొకటీ కుట్టిపెట్టింది. ఎక్కువ ఆకున్నవాళ్ళు నడిచేటప్పుడు ఎడమ భుజం కాస్త ముందుకు పెట్టి నడవసాగారు. దూరం నుంచి చూస్తే ఆఫీసు ఆఫీసంతా ఈదురుగాలికి ఎదురు నడుస్తున్నట్టుండేది.

చివరికి పెద్దాఫీసరు గమనించాడు. తన కింది మేళమంతా తనకు తెలియకుండా పెరిగిపోయిందని ఆయనకు ఒళ్ళు మండింది. ఎవరిచ్చారు ఈ అధికారం అని గర్జించాడు. "మీ అడుగుజాడల్లోనేనండీ," అన్నాడు చిన్నాఫీసరు చేతులు కట్టుకుని. ఆయన అద్దం ముందుకెళ్ళి మొదటిసారి తన కాలర్ లెక్కపెట్టుకున్నాడు. ఏడు. ఇది తప్పయ్యుంటుందని ఆయనకు ఒక్క క్షణం కూడా తోచలేదు. తన విషయంలో తప్పులు జరగవని ఆయనకు గట్టి నమ్మకం. ఎవరో పైవాళ్ళు తన సేవను గుర్తించి, తన వినయం ఎరిగి, చెప్పకుండా కుట్టించారని అనుకున్నాడు. వెంటనే కమిటీ వేశాడు.

ఆ కమిటీ మొదటి సమావేశం పొద్దున మొదలైంది. ఎడమ అంటే వేసుకున్నవాడి ఎడమా, చూసేవాడి ఎడమా, అద్దంలో ఎడమా అని మధ్యాహ్నం దాకా కొట్టుకున్నారు. నాలుగు విడతల టీ అయ్యాక వేసుకున్నవాడి ఎడమేనని తేల్చి, అంతటితో అలసిపోయి లేచారు. రెండో సమావేశానికి మ్యూజియం నుంచి ఒక పండితుణ్ణి పిలిపించారు.

పండితుడు బట్టల చరిత్రలో ఉద్దండుడు. భూతద్దం పట్టుకుని ఆఫీసు మెట్ల దగ్గరున్న మొట్టమొదటి పెద్దాఫీసరు చిత్రపటం ముందు రెండు రోజులు నిలబడ్డాడు. ఆ పటంలో కాలర్ ఎడమ కొసన గోధుమరంగు చుక్క ఒకటి ఉంది. అది ఈగ పెట్టిన మరక. పటాలు తుడిచే మనిషికి ఆ సంగతి తెలుసు, కానీ ఆమెను ఎవరూ అడగలేదు. పండితుడు అది మాసిపోయిన ఏడో ఆకని తేల్చాడు. గుండె వైపు ఒక ఆకు అధికంగా ధరించడం సముద్రం పట్ల కృతజ్ఞతకు గుర్తనీ, ప్రాచీన నావికులు పాటించిన ఆచారమనీ సెలవిచ్చాడు. మరి సామాన్ల గదిలో ఆరూ ఆరూ ఉన్న పాత కాలర్లు బోలెడు పడి ఉన్నాయి కదా అని ఎవరో గొణిగితే, "అవన్నీ అసంపూర్తి," అన్నాడు. అవి ఆకుల పిన్ని అత్తగారు కుట్టినవి.

ఆఖరున సాక్ష్యానికి ఆకుల పిన్నిని పిలిచారు. పొడుగాటి బల్ల, చుట్టూ మసక మసగ్గా మొహాలు.

"అమ్మా, ఈ ఏడో ఆకు మీకు పరంపరగా వస్తోందా?" అని అడిగాడు పండితుడు.

అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. చెబితే కళ్ళ సంగతి బయటపడుతుంది. స్టూలు కళ్ళ ముందు మెదిలింది, అదొక్కటే స్పష్టంగా కనిపించింది పాపం. తలాడించింది. ఊరికే తలాడించి ఊరుకున్నా బాగుండేది. భయంలో నోరు కూడా జారింది.

"అవునండీ. మా అత్తగారు కూడా చెప్పేది. ఎడమవైపు ఒకటి ఎక్కువుండాలని."

పండితుడు గబగబా రాసుకున్నాడు. ఆకుల పిన్ని ఇంటికెళ్ళి అన్నం తినలేదు. ఎక్కడ ఆపాలో తెలియాలని చెప్పిన మనిషి నోట్లో ఈ మాట పెట్టినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. "నేను మహా పాపిష్టిదాన్నండీ," అంది మొగుడితో. ఆయన ఆ ఒక్కసారీ ఏమీ లెక్కపెట్టలేదు.

సర్క్యులర్ వచ్చింది, ఎడమ ఆకు రూలైపోయింది. పండితుడి పుస్తకం కూడా అచ్చయింది. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు, ఇరవై నాలుగో పేజీలో ఆకుల పిన్ని ఫోటో, దాని కింద ఆమె చెప్పిన మాట. ఆమెకది కనిపించేది కాదు, మొగుడు చదివి వినిపించాడు.

అలా రెండేళ్ళు గడిచాయి. లాంచీ బాబాయి ఆ రెండేళ్ళూ కళ్ళు చూపించుకోమని చెవిలో జోరీగలా పోరుతూనే ఉన్నాడు. ఆమె వినలేదు. ఒకరోజు ఆయన టీలో చక్కెరకి బదులు ఉప్పు వేసిచ్చింది. ఆయన కిక్కురుమనకుండా చివరిదాకా తాగి, గ్లాసు కింద పెట్టి, "పద," అన్నాడు. చెల్లెలింట్లో పనుందని సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ రెండు కళ్ళలోని పొరలూ తీసేసింది.

కట్లు విప్పిన పొద్దున ఆకుల పిన్ని ముందు మొగుణ్ణి చూసింది.

"ఇదేమిటండీ, ఇంత ముసలాళ్ళయిపోయారు?"

"నువ్వు చూడనప్పుడు అయ్యాను," అన్నాడాయన.

చూపు వచ్చినందుకు మూడు రోజులు గాల్లో తేలింది. గోడ మీది పగుళ్ళు చూసి ముచ్చటపడింది. నాలుగో రోజు ఆఫీసుకి వెళ్ళింది. నడవాలో ఎదురైన ప్రతి కాలర్ ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. ఎడమవైపు కొసల్లోకి ఇరుక్కున్న ఆ ఆకులు, వంకరపోయిన అంచులు, లేచిపోయిన జరీ. అన్నీ తన చేతి పనే. ఇంత అధ్వాన్నంగా ఉన్నవాటిని చూసుకుని వీళ్ళు ఇన్నాళ్ళూ భుజాలెగరేశారా అనిపించి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

అప్పుడే పెద్దాఫీసరుకి బదిలీ అయింది. కొత్తాయన వస్తున్నాడు, ఆయన కోటు ఆమె బల్ల మీదికొచ్చింది. ఆకుల పిన్ని కాగితం పరిచింది, సుద్ద అద్దింది. చుక్కలు ఒక్కొక్కటీ కడిగినట్టు కనిపించాయి. రెండేళ్ళు చూపు లేక తప్పు కుట్టింది, సరే. ఇప్పుడు చూస్తూ చూస్తూ ఎలా కుట్టడం? తప్పు పై మెడ నుంచి కింది మెడలకి పాకింది కదా, ఒప్పు కూడా అలాగే పాకుతుందిలే అనుకుంది. ముప్ఫై మూడేళ్ళు ఆఫీసులో పనిచేసి కూడా ఇంత అమాయకంగా ఎలా అనుకుందో ఆవిడకే తెలియాలి. కుడివైపు ఆరు. ఎడమవైపు ఆరు. కొసన వేలెడు ఖాళీ. జీవితంలో అంత బాగా ఎన్నడూ కుట్టలేదు.

కాలర్ని తనిఖీ చేసిన స్టోరు గుమాస్తా మొహం పాలిపోయింది. పరుగున వెళ్ళి చిన్నాఫీసరుని తీసుకొచ్చాడు. చిన్నాఫీసరు ఒకసారి ఆ కాలర్ వంకా, ఒకసారి తన కాలర్ వంకా చూసుకున్నాడు. తన ఎడమవైపు ఆరు. కొత్త పెద్దాఫీసరు ఎడమవైపూ ఆరే. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే ఏమవుతుందో తలుచుకుని ఆయనకు చెమటలు పట్టాయి.

"ఏం పిన్నీ, కళ్ళు కనిపించడం లేదా?" అన్నాడు గుమాస్తా.

"ఇప్పుడే కనిపిస్తున్నాయి బాబూ. ఇన్నాళ్ళూ కనిపించలేదు." ఆమె లేచి నిలబడి, దాచుకున్నదంతా చెప్పేసింది. కళ్ళలో పొరలు, మబ్బు పట్టిన రోజు, వేలికి తగిలిన ఖాళీ, అన్నీ. "ఆ ఏడో ఆకు ఆచారమూ కాదు, పాడూ కాదు. నా గుడ్డితనం. తప్పు నాది. తీసేయండి."

చిన్నాఫీసరు దయగా నవ్వాడు. గుమాస్తా బీరువాలోంచి పుస్తకం తీసి ఇరవై నాలుగో పేజీ తెరిచాడు.

"ఇది నువ్వే కదా?"

"నేనే."

"'మా అత్తగారు కూడా చెప్పేది. ఎడమవైపు ఒకటి ఎక్కువుండాలని.' ఇది నీ మాటే కదా?"

"అబద్ధం చెప్పాను బాబూ. భయపడి."

"అచ్చయిందమ్మా," అన్నాడు చిన్నాఫీసరు, అంతకంటే చెప్పాల్సింది ఏముందన్నట్టు.

గుమాస్తా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. చెడ్డవాడు కాదతను. "పిన్నీ, గోరంతదాన్ని కొండంత చెయ్యకు. ఒక్క ఆకే కదా. కొసన జాగా ఉండనే ఉంది. గంట పని. కుట్టేయ్, ఎవరం ఏమీ అనుకోం."

గంట పని అన్నమాట నిజమే. ఆ గంట కూర్చుంటే ఇంకో అయిదేళ్ళు కూర్చోవచ్చు. ఆమె స్టూలు వంక చూసింది. అత్తగారి మోకాలు రాసుకుని నున్నబడిన అంచు ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. కాలర్ కొసన ఖాళీ కూడా అంతే స్పష్టంగా కనిపిస్తోంది.

"కుట్టను," అంది.

కుట్టనన్న మనిషిని పంపడానికి కారణం కావాలి. ఆచారానికి ఎదురు తిరిగిందని రాస్తే ఆచారం మీద చర్చ వస్తుంది. అందుకని చూపు పరీక్ష పెట్టారు. గుమాస్తా కాగితం పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. ఆకుల పిన్ని సూదిని వెలుతురుకి ఎత్తి, బెజ్జం వంక సూటిగా చూసి, దారం కొస తడి చేసి, ఒక్క ప్రయత్నంలో ఎక్కించేసింది. ఎక్కించి, గెలిచినట్టు అతని వంక చూసింది.

గుమాస్తా నిట్టూర్చాడు. "ఇదివరకు కళ్ళు మూసుకుని ఎక్కించేదానివి పిన్నీ. నేను నా చేత్తో రాశాను, అత్యుత్తమం అని. ఇప్పుడు అంతలా కళ్ళు పెట్టి చూడాల్సొస్తోందంటే మరి..." కాగితం మీద 'దృష్టి బాగా క్షీణించినది' అని రాసి, చిన్నాఫీసరు చేత సంతకం పెట్టించాడు.

జరీ ఆఫీసుది. కుట్టినదంతా విప్పి అప్పగించి వెళ్ళమన్నారు. ఆకుల పిన్ని ఆ మధ్యాహ్నమంతా స్టూలు మీద కూర్చుని తన పన్నెండు ఆకుల్నీ తనే విప్పింది. తొందరపడలేదు. వెనకవైపు పట్టుదారం ఒక్కో కుట్టూ తెంపి, జరీ మడత పడకుండా చుట్టచుట్టి బల్ల మీద పెట్టింది. కొత్త కాలర్ బజార్లో మిషను వాడికి కుట్టమని పంపించారు. మిషను ఎడమవైపు ఏడు కుట్టింది, మారు మాట్లాడకుండా. విప్పిన కాలర్ లోపలి బిరుసు గుడ్డ ఇక దేనికీ పనికిరాదని, కావాలంటే తీసుకెళ్ళమన్నాడు గుమాస్తా. స్టూలు మాత్రం ఆఫీసు సామాన్ల పట్టీలో ఉందట, ఇవ్వడం కుదరదన్నాడు.

ఇంటికొచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. లాంచీ బాబాయి అరుగు మీద కూర్చున్నాడు. ఆమె చేతిలో సూదుల డబ్బా చూసి, లేచి ఆమె వెనకే లోపలికి వచ్చాడు. ఆమె ఆ బిరుసు గుడ్డను తీసి కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకుంది. సూది దిగిన ప్రతిచోటా వెలుగు చుక్క కనిపించింది. ఆకుల అంచులు, ఈనెలు, కొసలు, అన్నీ వెలుగు చుక్కలే.

"లెక్కపెట్టండి," అంది.

ఆయన వేలు పెట్టి నెమ్మదిగా లెక్కపెట్టాడు. "కుడివైపు ఆరు." వేలు అవతలి కొసకి జరిపి, "ఎడమవైపూ ఆరే."

"సరిగ్గా ఉందా?"

"సరిగ్గా ఉందోయ్. కొసన వేలెడు ఖాళీ కూడా ఉంది."

ఆమెకప్పుడు ఏడుపొచ్చింది. బాగా ఏడ్చింది, అత్తగారి కోసమూ స్టూలు కోసమూ కలిపి. ఏడుపయ్యాక మొహం తుడుచుకుంటూ ఉంటే తలుపు వెనక తగిలించిన ఆయన చలికోటు కనిపించింది. మోచేతి దగ్గర అరచెయ్యంత చిరుగు, లోపలి అస్తరు బయటికొచ్చి వేలాడుతోంది.

"ఇదెప్పుడు చిరిగిందండీ?"

"రెండేళ్ళయింది."

"రెండు చలికాలాలు ఇదే వేసుకు తిరిగారా? ఒక్క మాట చెబితే కుట్టనా?"

"చెబుదామనే అనుకున్నాను," అన్నాడు లాంచీ బాబాయి, చిరుగు మీద చెయ్యి వేసుకుని. "చెబితే తడుముకుంటూ కూర్చుంటావు. అది చూడలేక ఊరుకున్నాను."

ఆకుల పిన్ని కోటు ఒళ్ళోకి లాక్కుంది. డబ్బాలోంచి మామూలు నూలుదారం తీసి, కళ్ళు బాగా తెరిచి, సూదిలోకి ఎక్కించింది.